తల్లుల రక్షకుడు సెమ్మెల్‌వైస్

ప్రసవం స్త్రీకి పునర్జన్మ వంటిదని మన పెద్దలు చెబుతారు. కడుపు పండిందన్న ఆనందం ఒకవైపు, కాన్పు గండం గడిచి గట్టెక్కాలన్న ఆందోళన మరొకవైపు ఇంటిల్లిపాదినీ పట్టి ఊపేవి. ఆ గండాలలో అతి క్రూరమైనది సూతికా జ్వరం. పురుడు సుఖంగా జరిగి, బిడ్డ పొత్తిళ్లలో నిద్రిస్తున్న వేళ తల్లికి హఠాత్తుగా వణుకు, తీవ్రమైన జ్వరం, భరింపరాని కడుపునొప్పి మొదలయ్యేవి. కొద్ది రోజులలోనే ఆమె కన్నుమూసేది. పందొమ్మిదవ శతాబ్దపు యూరప్‌లో పెద్ద పెద్ద ప్రసూతి వైద్యశాలలే ఈ వ్యాధికి ఆటపట్టులయ్యాయి. ప్రాణం పోయవలసిన చోటనే ప్రాణం పోవడానికి కారణమేమిటో గొప్ప గొప్ప వైద్యులకు సైతం అంతుపట్టలేదు. ఆ కారణాన్ని కనిపెట్టి, దాని నివారణకు ఒక సులభమైన నియమాన్ని ఏర్పరచి, ఆ నియమం కోసం జీవితాన్నే పణంగా పెట్టిన మహనీయుడు ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్‌వైస్.

సెమ్మెల్‌వైస్ 1818 జులై 1న హంగేరీ దేశంలోని బుడా నగరంలో జన్మించాడు. డాన్యూబ్ నదికి ఒక ఒడ్డున బుడా, మరొక ఒడ్డున పెస్ట్ ఉండేవి. అనంతర కాలంలో ఆ రెండూ కలిసి బుడాపెస్ట్ అనే మహానగరమయ్యాయి. తండ్రి దినుసుల వర్తకుడు. వ్యాపారం బాగా సాగుతుండడంతో ఆ కుటుంబానికి లేమి తెలియదు. కుమారుడు న్యాయశాస్త్రం చదివి ఉన్నతోద్యోగం సంపాదించాలన్నది ఇంటివారి ఆకాంక్ష. అందుకోసమే సెమ్మెల్‌వైస్ 1837లో ఆస్ట్రియా రాజధాని వియన్నాకు వెళ్లాడు. కాని మరుసటి సంవత్సరమే న్యాయశాస్త్రాన్ని విడిచి వైద్యశాస్త్రంలో చేరాడు. 1844లో వైద్య పట్టాన్ని పొంది, ప్రసూతి శాస్త్రాన్ని తన ప్రత్యేక రంగంగా ఎంచుకున్నాడు.

ఆ రోజులలో వియన్నా వైద్య విద్యకు పెట్టింది పేరు. రోగ నిదాన శాస్త్రంలో కార్ల్ రోకిటాన్‌స్కీ, రోగ పరీక్షలో జోసెఫ్ స్కోడా, చర్మవ్యాధులలో ఫెర్డినాండ్ హెబ్రా అక్కడ దిగ్దంతులుగా వెలుగొందేవారు. వ్యాధి తత్త్వాన్ని గ్రంథాలలో కాక మృతదేహాలను పరీక్షించి తెలుసుకోవాలన్నది రోకిటాన్‌స్కీ మార్గం. విద్యార్థులు ప్రతి ఉదయం శవపరీక్ష గదిలో గంటల తరబడి గడిపి, అటుపిమ్మట రోగుల వద్దకు వెళ్లేవారు. ఊహలకు తావీయక, కంటికి కనిపించిన దానిని లెక్కగట్టి సత్యాన్ని నిర్ణయించడం సెమ్మెల్‌వైస్‌కు ఈ గురువుల వద్దనే అలవడింది. అయితే జ్ఞానాన్నిచ్చిన ఆ పద్ధతిలోనే ఒక ఘోర ప్రమాదం దాగి ఉందని అప్పటికి ఎవరూ ఎరుగరు.

1846 జులైలో ఆయన వియన్నా ప్రధాన వైద్యశాలలోని మొదటి ప్రసూతి విభాగంలో ఆచార్య జోహాన్ క్లైన్‌కు సహాయకుడిగా చేరాడు. ఆ వైద్యశాలలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసాని విద్య నేర్చే స్త్రీలు శిక్షణ పొందేవారు. గర్భిణులను ఒకరోజు ఒక విభాగంలో, మరునాడు మరొక విభాగంలో చేర్చుకునేవారు. పేదరాండ్రకు అక్కడ ఉచితంగా పురుడు పోసేవారు. రెండు విభాగాలూ ఒకే ప్రాంగణంలో ఉన్నా మరణాలలో మాత్రం హస్తిమశకాంతరం ఉండేది. 1846లో మొదటి విభాగంలో 4,010 ప్రసవాలు జరుగగా 459 మంది తల్లులు మరణించారు. అంటే నూటికి పదకొండు మందికి పైగా. అదే ఏడాది రెండవ విభాగంలో 3,754 ప్రసవాలకు మరణాలు 105 మాత్రమే. అంటే నూటికి ముగ్గురి లోపే.

ఈ సంగతి నగరంలోని పేద స్త్రీలకు వైద్యులకన్నా ముందే తెలుసు. తమను చేర్చుకునే రోజు మొదటి విభాగానిదని తెలియగానే ఆ గర్భిణులు మోకరిల్లి, తమను రెండవ విభాగానికి పంపమని కన్నీళ్లతో ప్రాధేయపడేవారు. కొందరు వైద్యశాలకు చేరకమునుపే వీధిలో ప్రసవించడం మేలనుకునేవారు. ఆశ్చర్యమేమంటే, అలా వీధిలో ప్రసవించి వచ్చిన స్త్రీలకు సూతికా జ్వరం అరుదుగా సోకేది. వైద్యుని చేతిలో పురుడు పోసుకున్న తల్లి మరణిస్తూ, దిక్కులేక దారిలో కన్న తల్లి బతికి బయటపడడం సెమ్మెల్‌వైస్‌ను కలచివేసింది.

ఆ కాలపు వైద్యులు ఈ మరణాలకు గాలిలోని విషప్రభావం కారణమని, ఋతువుల మార్పు కారణమని చెప్పి సరిపెట్టుకునేవారు. సెమ్మెల్‌వైస్ ఒక్కొక్క కారణాన్నే తీసుకుని పరీక్షించాడు. గాలి చెడినదైతే ఒకే ప్రాంగణంలోని రెండవ విభాగాన్ని ఎందుకు విడిచిపెడుతుంది? జనసమ్మర్దం కారణమనుకుంటే, మొదటి విభాగానికి భయపడి స్త్రీలందరూ ఎగబడడం వల్ల రెండవ విభాగంలోనే రద్దీ ఎక్కువ. మరణశయ్యపై ఉన్నవారికి అంత్యకర్మలు జరిపే మతగురువు గంట మోగిస్తూ మొదటి విభాగపు గదుల మీదుగా నడిచి వెళ్లడం వల్ల తల్లులు భయపడి జబ్బు పడుతున్నారని కొందరన్నారు. ఆయన మతగురువును ఒప్పించి గంట ఆపించాడు, దారి మార్పించాడు. మరణాలు తగ్గలేదు. ప్రసవ సమయంలో స్త్రీలను పడుకోబెట్టే తీరును రెండవ విభాగంలో మాదిరిగా మార్చి చూశాడు. అయినా ఫలితం శూన్యం. ఇలా కారణం కానివాటిని ఒక్కొక్కటిగా తోసివేయడమే అసలు కారణానికి ఆయన వేసుకున్న బాట అయింది.

1847 మార్చి నెలలో ఆయన కొద్దికాలం వెనిస్ నగర సందర్శనకు వెళ్లి తిరిగివచ్చాడు. వచ్చీ రాగానే పిడుగువంటి వార్త విన్నాడు. ఆయన ఎంతగానో అభిమానించే మిత్రుడు, న్యాయవైద్య శాస్త్రాచార్యుడు జాకబ్ కొల్లెచ్కా మరణించాడు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకుంది. ఆ చిన్న గాయమే విషమించి ప్రాణాలు తీసింది. మిత్రుని మృతదేహాన్ని పరీక్షించిన నివేదికను చదువుతున్న సెమ్మెల్‌వైస్ నిశ్చేష్టుడయ్యాడు. అందులోని లక్షణాలు ఆయనకు కొత్తవి కావు. సూతికా జ్వరంతో మరణించిన తల్లుల దేహాలలో నిత్యం చూస్తున్నవే.

అంతటితో చిక్కుముడి వీడిపోయింది. కొల్లెచ్కా దేహంలోకి కత్తి మొన ద్వారా ప్రవేశించిన శవకణాలే తల్లుల దేహాలలోకి వైద్యుల చేతుల ద్వారా ప్రవేశిస్తున్నాయని ఆయన గ్రహించాడు. మొదటి విభాగంలోని వైద్యులు, విద్యార్థులు ఉదయం శవాలను కోసి, ఆ చేతులతోనే గర్భిణులను పరీక్షిస్తున్నారు. సబ్బుతో కడిగినా శవగంధం చేతులను అంటిపెట్టుకునే ఉంటుంది. మంత్రసానులు శవపరీక్ష గదిలో అడుగు పెట్టరు. కనుకనే రెండవ విభాగంలో మరణాలు తక్కువ. 1823లో శవపరీక్షల ద్వారా బోధన మొదలైన నాటి నుంచి ఆ వైద్యశాలలో మరణాలు పెరుగుతూ వచ్చాయన్న విషయాన్ని కూడా ఆయన పాత లెక్కలు తిరగవేసి నిర్ధారించుకున్నాడు. ఈ జ్ఞానోదయం ఆయనకు ఆనందంతో పాటు అంతులేని వేదననూ మిగిల్చింది. వ్యాధి రహస్యాన్ని తెలుసుకోవాలన్న తపనతో అందరికన్నా ఎక్కువగా శవపరీక్షలు చేసినవాడు తానే. తన చేతుల మీదుగా ఎందరు తల్లులు సమాధికి చేరారో భగవంతునికే తెలియాలని ఆయన తరువాతి కాలంలో బహిరంగంగా ఒప్పుకున్నాడు. తన తప్పును తానే లోకానికి చాటడానికి ఎంత గుండెదిటవు కావాలి!

సెమ్మెల్‌వైస్ దుఃఖిస్తూ కూర్చోలేదు. 1847 మే నెల మధ్యలో తన విభాగంలో ఒక నియమాన్ని అమలుకు తెచ్చాడు. శవపరీక్ష గది నుంచి వచ్చే ప్రతి వైద్యుడూ, ప్రతి విద్యార్థీ క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కున్న తరువాతనే గర్భిణిని తాకాలి. మొదట వాడిన ద్రావణం ఖరీదైనది కావడంతో, నేడు మనం బ్లీచింగ్ పౌడర్ అని పిలిచే చవకైన సున్నపు పొడిని నీటిలో కలిపి వాడసాగారు. శవగంధాన్ని పోగొట్టేది శవకణాలను కూడా నశింపజేస్తుందన్నది ఆయన తర్కం. సూక్ష్మజీవుల సంగతి లోకానికి ఇంకా తెలియని రోజులవి. అయినా ఆయన ఎన్నుకున్న మందు సూక్ష్మజీవులకు నిజంగానే మృత్యువు.

ఫలితం అద్భుతం. ఏప్రిల్ నెలలో నూటికి పద్దెనిమిది మంది తల్లులు మరణించిన ఆ విభాగంలో జూన్ నాటికి మరణాలు నూటికి రెండుకు, జులై నాటికి ఇంచుమించు ఒకటికి పడిపోయాయి. అయితే ఆ ఏడాది అక్టోబరులో మరొక విషాదం సంభవించింది. గర్భాశయ పుండుతో చీము కారుతున్న ఒక రోగిని వరుసలో మొదటి మంచం మీద ఉంచారు. వైద్యులు ఆమెను పరీక్షించి, క్లోరిన్‌తో కాక కేవలం సబ్బుతో చేతులు కడుక్కుని, అదే వరుసలోని పన్నెండు మందిని పరీక్షించారు. వారిలో పదకొండు మంది మరణించారు. శవాల నుంచి మాత్రమే కాదు, బతికి ఉన్న రోగి వ్రణం నుంచి కూడా విషం సంక్రమిస్తుందని ఆయన గ్రహించాడు. వెంటనే నియమాన్ని సవరించాడు. ఒక రోగిని పరీక్షించి మరొక రోగిని తాకేముందు ప్రతిసారీ చేతులు క్లోరిన్‌తో కడుక్కోవాలన్నాడు. తన నియమాన్ని తానే పరీక్షకు పెట్టి, లోపం కనిపించగానే దిద్దుకోవడం ఆయన శాస్త్రదృష్టికి నిదర్శనం. 1848లో మొదటి విభాగంలో 3,556 ప్రసవాలకు మరణించిన తల్లులు 45 మంది మాత్రమే. ఆ సంవత్సరం మార్చి, ఆగస్టు నెలలలో ఒక్క తల్లి కూడా మరణించలేదు.

ఇంతటి విజయం చేజిక్కిన తరువాత లోకం ఆయనకు నీరాజనాలు పట్టి ఉంటుందని మనం భావిస్తాం. జరిగింది అందుకు విరుద్ధం. హెబ్రా, స్కోడా, రోకిటాన్‌స్కీ వంటి పెద్దలు ఆయన పక్షాన నిలిచారు. హెబ్రా వైద్య పత్రికలో రెండు వ్యాసాలు కూడా ప్రకటించాడు. కాని అధిక సంఖ్యాకులైన వైద్యులు పెదవి విరిచారు. ఒక భయంకర వ్యాధికి కంటికి కనిపించని మాలిన్యం ఒక్కటే కారణమంటే నమ్మడం నాటి సిద్ధాంతాలకు పొసగలేదు. అంతకు మించి, రోగులను కాపాడే చేయే రోగాన్ని మోసుకొస్తున్నదన్న మాట వైద్యుల ఆత్మాభిమానాన్ని గాయపరిచింది. పై అధికారి క్లైన్‌కు ఈ యువకుని వైఖరి మొదటి నుంచీ రుచించలేదు. 1849 మార్చిలో ఉద్యోగ కాలం ముగియగానే సెమ్మెల్‌వైస్‌కు పొడిగింపు లభించలేదు. మరుసటి ఏడాది దక్కిన అధ్యాపక పదవిలో నిజమైన రోగుల వద్ద కాక కేవలం బొమ్మల మీద బోధించాలని నిబంధన పెట్టారు. అవమానభారంతో ఆయన మిత్రులకు కూడా చెప్పకుండా వియన్నా విడిచి స్వదేశానికి వెళ్లిపోయాడు.

ఆయన వైపు నుంచి కూడా లోపాలు లేకపోలేదు. తన ఆవిష్కరణను సాధికారమైన గ్రంథంగా వెంటనే ప్రకటించలేదు. ఇతరులు రాసిన సంగ్రహ వ్యాసాలను చదివిన విదేశీ వైద్యులు ఆయన భావాన్ని సగమే అర్థం చేసుకున్నారు. శవాలను తాకిన చేతుల వల్లనే వ్యాధి వస్తుందని ఆయన చెప్పినట్లు భావించి, శవపరీక్షలు లేని చోట కూడా వ్యాధి ఉందికదా అని ఎద్దేవా చేశారు. నియమం ఉంటే చాలదు, దాని వెనుక ఉన్న హేతువు అందరికీ తేటతెల్లం కావాలి. అది జరగనందువల్ల ఎన్నో నగరాలలో తల్లులు మరణిస్తూనే ఉన్నారు.

పెస్ట్ నగరంలోని సెయింట్ రోకస్ వైద్యశాలలో 1851లో ఆయన ప్రసూతి విభాగ బాధ్యత స్వీకరించాడు. అక్కడ తన పద్ధతిని అమలు చేసి మరణాలను నూటికి ఒకటి కన్న తక్కువకు తగ్గించాడు. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్రాచార్యుడయ్యాడు. చేతులే కాదు, పరికరాలూ పక్కబట్టలూ కూడా పరిశుభ్రంగా ఉండాలని పట్టుబట్టాడు. 1857లో మరియాను వివాహమాడి సంసార జీవితంలో స్థిరపడ్డాడు. ఎట్టకేలకు 1861 సంవత్సరం పేరిట సూతికా జ్వర కారణాన్ని, స్వరూపాన్ని, నివారణను వివరించే బృహద్గ్రంథాన్ని జర్మన్ భాషలో వెలువరించాడు. పట్టికలతో, వాదప్రతివాదాలతో నిండిన ఆ గ్రంథం చదవడానికి కష్టమైనది. ప్రముఖులు దానిని ఆదరించలేదు.

పద్నాలుగేళ్ల అరణ్యరోదన ఆయన సహనాన్ని హరించింది. 1861, 1862 సంవత్సరాలలో యూరప్‌లోని పేరుపొందిన ప్రసూతి వైద్యులను ఉద్దేశించి బహిరంగ లేఖలు ప్రకటించాడు. చేతులు కడుక్కోవడానికి నిరాకరించే వైద్యుడు హంతకునితో సమానమని నిష్ఠురంగా నిందించాడు. ఆయన ఆవేదన న్యాయమైనదే. కాని తిట్టు తిన్న మనిషి చెవులు మూసుకుంటాడు కాని, మనసు మార్చుకోడు. ఆ లేఖలు శత్రువులను పెంచాయే తప్ప నియమాన్ని వ్యాపింపజేయలేదు.

1865 నాటికి ఆయన మానసిక స్థితి క్షీణించింది. జులై చివరలో ఆయనను వియన్నాకు తీసుకువెళ్లి మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అక్కడి సిబ్బంది ఆయనను తీవ్రంగా కొట్టి ఉంటారని పలువురు చరిత్రకారులు భావిస్తున్నారు. దేహం మీది గాయం కుళ్లి, విషం రక్తంలోకి వ్యాపించి, 1865 ఆగస్టు 13న నలభై ఏడేళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. ఏ విషం మిత్రుడు కొల్లెచ్కాను బలిగొన్నదో, ఏ విషం నుంచి వేలాది తల్లులను కాపాడాలని ఆయన పోరాడాడో, ఆ విషమే చివరకు ఆయననూ కబళించింది. విధి వైపరీత్యమేమంటే, దానికి సరిగ్గా ఒకరోజు ముందు, ఆగస్టు 12న, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ ఒక బాలుని కాలి గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో క్రిమిసంహారక చికిత్స ప్రారంభించాడు. 1879లో లూయీ పాశ్చర్ సూతికా జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని పారిస్ వైద్య పండితుల ఎదుట వివరించాడు. సెమ్మెల్‌వైస్ చూపిన మార్గం సత్యమని లోకం ఆలస్యంగా అంగీకరించింది. 1969లో బుడాపెస్ట్‌లోని వైద్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన ఒంటరిగా మొదలుపెట్టిన పని నేడు వైద్యలోకపు ఉమ్మడి బాధ్యత అయింది. వ్యాధి వచ్చాక చికిత్స చేయడం కన్న రాకుండా నివారించడం మేలన్న భావంతో, నిపుణులు పరిశోధనలను పరిశీలించి మార్గదర్శక సూత్రాలను రూపొందిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వైద్యశాలలలో చేతుల పరిశుభ్రతకు సమగ్ర మార్గదర్శకాలను ప్రకటించింది. రోగిని తాకే ముందు, శుభ్రమైన చికిత్సా ప్రక్రియకు ముందు, రక్తాది స్రావాలు అంటిన తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి పరిసరాలను తాకిన తరువాత అని చేతులు శుభ్రం చేసుకోవలసిన ఐదు సందర్భాలను అది నిర్దేశించింది. మన గ్రామాలలో పురుడు పోసేవారికి నేర్పిన ఐదు శుభ్రతలలోనూ మొదటిది చేతుల శుభ్రతే. శుభ్రమైన పురుళ్లు, టీకాలు కలిసి పనిచేయడం వల్ల తల్లులకు, పసికందులకు సోకే ధనుర్వాతాన్ని అదుపు చేసినట్లు ధ్రువీకరణ పొందిన రాష్ట్రాలలో 2003లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటిది. 2015లో యావద్భారతం ఆ గౌరవాన్ని పొందింది.

అయితే నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన ప్రాణం నిలవదు. స్విట్జర్లాండ్‌లోని జెనీవా విశ్వవిద్యాలయ వైద్యశాలలలో 1994లో పరిశీలించినప్పుడు, చేతులు శుభ్రం చేసుకోవలసిన సందర్భాలలో సగం కన్న తక్కువ సార్లే సిబ్బంది ఆ పని చేస్తున్నట్లు తేలింది. వారిని ఎవరూ నిందించలేదు. ప్రతి మంచం చెంత చేతులకు రాసుకునే ఆల్కహాలు ద్రావణం ఉంచారు. గోడల మీద బొమ్మలతో గుర్తుచేశారు. ఎంతమంది పాటిస్తున్నారో లెక్కించి ఆ లెక్కను సిబ్బందికే తెలియజేశారు. 1997 నాటికి పాటించేవారు నూటికి అరవై ఆరుకు పెరిగారు. వైద్యశాలలో సంక్రమించే వ్యాధులు తగ్గాయి. లెక్కించడం సెమ్మెల్‌వైస్ నేర్పిన విద్యే. నచ్చజెప్పడం, ఆచరణను సులభం చేయడం ఆయన జీవిత విషాదం నుంచి లోకం నేర్చుకున్న విద్య.

సత్యాన్ని కనుగొనడం ఒక తపస్సు. దానిని పదిమంది చేత ఆచరింపజేయడం మరొక తపస్సు. మొదటి దానిలో సిద్ధి పొంది, రెండవ దానిలో ఓడిపోయిన సెమ్మెల్‌వైస్ ఓటమి కూడా మానవాళికి పాఠమయింది. వైద్యుడు రోగిని తాకే ముందు చేతులు శుభ్రం చేసుకున్న ప్రతిసారీ ఆ మహనీయుని నియమం జీవిస్తూనే ఉంటుంది. అదే ఆయనకు తగిన స్మారకం.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సూతికా జ్వరానికి అసలు కారణాన్ని సెమ్మెల్‌వైస్ ఏ విధంగా కనుగొన్నాడో వివరించండి.
2. సెమ్మెల్‌వైస్ నియమాన్ని నాటి వైద్యలోకం తిరస్కరించడానికి కారణాలను చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. వియన్నా వైద్యశాలలోని రెండు ప్రసూతి విభాగాల మధ్య గల భేదం ఏమిటి?
2. కొల్లెచ్కా మరణం సెమ్మెల్‌వైస్ పరిశోధనకు ఎలా తోడ్పడింది?
3. 1847 అక్టోబరు తరువాత సెమ్మెల్‌వైస్ తన నియమాన్ని ఎందుకు సవరించాడు?
4. నియమాన్ని ఆచరణలోకి తేవడంలో జెనీవా వైద్యశాలల అనుభవం నేర్పే పాఠమేమిటి?